పై గుండీ మీద చూపు

ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసులో నేను ఎనిమిదేళ్ళ పిల్లల మధ్య నిలబడి ఒంటికాలి మీద గిరగిరా తిరగడం నేర్చుకున్నాను. మొక్కై వంగనిది మానై వంగునా అని మా అవ్వ ప్రతిదానికీ అనేది. వంగింది, కాకపోతే ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ నన్ను ఒక అబద్ధం చెప్పి నడిపించారని తర్వాత తెలిసింది. చెప్పినవాడు మా అన్న. ఇప్పుడు లేడు కాబట్టి తిట్టుకోవాలంటే మొహమాటంగా ఉంటుంది. అయినా తిట్టుకుంటూనే ఉంటాను.

మేము దక్షిణాఫ్రికాలో, డర్బన్ పక్కన ఫీనిక్స్‌లో ఉండేవాళ్ళం. నేను ఒక చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేదాన్ని. పెళ్ళి చేసుకోలేదు. అన్న నాకంటే ఆరేళ్ళు పెద్ద. ప్రాస్పెక్టన్‌లో కార్ల ఫ్యాక్టరీలో పని, మా ఇంటికి రెండు వీధుల అవతల వదినతో కాపురం. వారానికి రెండు సాయంత్రాలూ ఆదివారం మధ్యాహ్నమూ ఇద్దరం కమ్యూనిటీ హాల్లో లాటిన్ డాన్సు ఆడేవాళ్ళం. చా-చా, సాంబా, జైవ్, రుంబా. అన్నాచెల్లెళ్ళు జంటగా ఆడటమేమిటని ఇప్పటి పిల్లలు నవ్వుతారు. అప్పట్లో మా పేటలో సగం జంటలు అలాంటివే. ఆడపిల్ల పరాయి మగవాడి చెయ్యి పట్టుకుని నలుగురిలో తిరగడానికి ఏ ఇంట్లోనూ ఒప్పుకునేవారు కాదు. బావామరదళ్ళనైతే అసలే కలవనిచ్చేవారు కాదు, ఆట కాస్తా పెళ్ళయి కూర్చుంటుందని.

నాయన ఉమ్‌కోమాస్ దగ్గర చెరకు తోటల్లో పుట్టి పెరిగినవాడు. మా మొదటి ప్రదర్శనకు కోటు తొడుక్కుని వచ్చి మూడో వరుసలో కూర్చున్నాడు. జైవ్ చూసి చప్పట్లు కొట్టాడు. రుంబా మొదలయ్యాక కొట్టలేదు. దాచేదేముంది, రుంబా అంటే ఆడా మగా ఒకరి కోసం ఒకరు వేగిపోతున్నట్టు ఆడాలి. నాయన ఇంటికొచ్చి టీ తాగి, కప్పు పక్కన పెట్టి, మమ్మల్నిద్దరినీ ఎదురుగా నిలబెట్టాడు.

"ఆడుకోండి. ఆడొద్దనను. గానీ ఆ రుంబాలో ఒకరి మొకం ఒకరు సూసుకోకండి. ఒక తల్లి బిడ్డలు మీరు. గేపకం ఎట్టుకోండి," అన్నాడు.

నన్ను ఆదివారం బడికి పంపి ఈ తెలుగు రాయడం నేర్పించింది ఆ నాయనే. ఆయన మాట దాటడం మాకు చేతకాదు. పదిహేడేళ్ళ పాటు ఆడినంతసేపూ నేను అన్న చొక్కా పై గుండీని చూశాను. కాలర్లు కుట్టేదాన్ని కదా, చూపు తనంతట తనే అక్కడికి పోయేది. అన్న నా పాపిట చూసేవాడు. రుంబాకని పెట్టుకున్న నియమం మెల్లమెల్లగా మిగతా ఆటలకూ పాకింది. ఆ తర్వాత మాటలకూ పాకిందేమో, ఎప్పుడు మాట్లాడుకున్నా పక్కపక్కనే నిలబడో కారులో ముందుకు చూస్తూనో మాట్లాడుకునేవాళ్ళం. అన్న ముఖం నాకు తెలియదా అంటే తెలుసు, ఇంటి గోడ తెలిసినట్టు. ఒకసారి ఒక జడ్జి మా మార్కుల కాగితం మీద, ఒకే బస్సు కోసం నిలబడ్డ ఇద్దరిలా ఉన్నారని రాశాడు. వారం రోజులు నవ్వుకున్నాం. రుంబాలో మాకెప్పుడూ మార్కులు తక్కువే, మిగతావాటిలో గెలిచేవాళ్ళం.

గెలిచింది మాత్రం మావాళ్ళ మీదే. చట్టం ప్రకారం తెల్లవాళ్ళకు వాళ్ళ హాలు, వాళ్ళ కప్పు. మాకు మా హాలు, మా కప్పు. ఆ చట్టాలు పోయి, ఆ రోజుల్లో అవన్నీ కలుస్తున్నాయి. బళ్ళు కలిశాయి, ఆటల సంఘాలు కలిశాయి, చివరికి డాన్సు సంఘాలూ కలిశాయి. వచ్చే చలికాలంలో డర్బన్ నడిబొడ్డున పెద్ద హాల్లో అందరికీ ఒకే పోటీ అన్నారు. ఆ కాగితం అన్నే తెచ్చి నా వంటింటి బల్ల మీద పెట్టాడు.

"నాకు నలబై నాలుగు సెల్లీ. ఇంక ఈ ఒక్కపాలే. ఆ ఫ్లోర్ మీద ఆడాల మాన్. గెలవొద్దు, ఏం వద్దు. ఆడాల. తరవాత ఈ బూట్లు ఏ సెత్త బిన్‌లో ఏసినా సరే," అన్నాడు.

అంత గట్టిగా ఏదైనా అడగడం అన్నకు అలవాటు లేదు. సరేనన్నాను.

ఆ తర్వాత మూడు వారాలకే నేను పడ్డాను. మా పేటలోనే చిన్న పోటీ. రుంబాలో అన్న నా చెయ్యి వదిలేస్తాడు, నేను మూడు చుట్లు తిరుగుతాను, మూడో చుట్టు చివర తన కుడి అరచెయ్యి నా వీపు మీద ఆనుతుంది, నేను ఆగుతాను. పదిహేడేళ్ళుగా ఆ అరచెయ్యి గోడలా అక్కడే ఉండేది. ఆ రోజు రాలేదు. నాలుగో చుట్టు సగంలో తల తిరిగి, పక్క జంట కాళ్ళ మీదకు మోకాళ్ళతో పడ్డాను. మేజోళ్ళు చిరిగాయి. ఎవరో కిసుక్కుమన్నారు.

ఇంటికి తిరిగొస్తూ కారులో అన్న రోడ్డు వైపే చూస్తూ అన్నాడు.

"నీ టర్న్ బాలేదు. నా సెయ్యి లేకుండా నువ్వు తిరగలేవు. పెద్ద జడ్జిలు ఊరుకోరు. తెల్ల పిల్లలు అందరూ బాలే డాన్సు నేర్సుకుని వస్తారు, అందుకే ఆళ్ళ టర్న్ అట్టా ఉంటది. నువ్వూ నేర్సుకో."

నాకు ఒళ్ళు మండింది. పదిహేడేళ్ళలో ఒక్కసారి కూడా తప్పు నాదని అన్నవాడు కాదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని నోటిదాకా వచ్చింది. కానీ నేల మీద పడింది నేను కదా, నోరు మూసుకున్నాను. అన్న జేబులోంచి చీటీ తీసి ఇచ్చాడు. బాలే టీచరు ఫోను నంబరు అప్పటికే రాసి ఉంది. అంకెలు చిన్నపిల్లలు రాసినట్టు వంకరటింకరగా ఉన్నాయి. కదిలే కారులో రాసి ఉంటాడనుకున్నాను.

శనివారం పొద్దున్నే రెండు కాంబీలు మారి బాలే క్లాసు జరిగే చర్చి హాలుకు వెళ్ళేదాన్ని. కాంబీ అంటే మా దగ్గర కిక్కిరిసి నడిచే చిన్న టాక్సీ వ్యాను. ఆ ఏడు రాజకీయ గొడవల్లో కాలిపోయిన బస్సు దారిలో కనపడటం వింత కాదు. డ్రైవరు వేగం తగ్గించకుండా పక్కనుంచి పోనిచ్చేవాడు, లోపల అందరం మాటలాపేవాళ్ళం, దాటాక మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళం. హాలున్న తెల్లవాళ్ళ పేటలో మాత్రం వీధులు కడిగినట్టుండేవి. టీచరుకు అరవై దాటి ఉంటాయి. తెల్లావిడ, సిగరెట్ దగ్గు, చేతిలో కర్ర. ఆ కర్ర ఆనుకోవడానికి కాదు, కాళ్ళు చూపించడానికి.

"వయసు?" అంది.

"ముప్ఫై ఎనిమిది."

"మోకాళ్ళు?"

"రెండున్నాయి," అన్నాను.

ఆవిడ నవ్వలేదు. పెద్దవాళ్ళ క్లాసు లేదని చెప్పి నన్ను చిన్నపిల్లల వరసలో నిలబెట్టింది. గులాబీ రంగు బట్టల్లో పదకొండు మంది పిల్లలు, చివర నల్ల స్కర్టులో నేను. వాళ్ళ అమ్మలు గోడవార కుర్చీల్లో కూర్చునేవారు. మొదటివారమే ఒకామె లేచి వచ్చి నా పక్కనున్న తన కూతుర్ని భుజం పట్టుకుని అవతలి చివరకు తీసుకుపోయింది. నేను గోడకు బిగించిన అడ్డకర్రను పట్టుకుని కిటికీలోంచి బయటికి చూశాను. రెండువారాలకు ఆ పిల్ల తనంతట తనే మళ్ళీ నా పక్కకొచ్చింది, కిటికీ నా పక్కన ఉందని.

నాకు వచ్చిందంతా అక్కడ తప్పే. లాటిన్‌లో నడుము ఊగకపోతే ఆట కాదు. బాలేలో నడుము ఊగితే ఆట కాదు. "ఆ నడుమును ఇంటి దగ్గర వదిలి రా," అనేది ఆవిడ. ఒంటికాలి మీద తిరగడాన్ని వాళ్ళు పిరుయెట్ అంటారు. ఒక పాదం రెండో మోకాలి దగ్గరకు తేవాలి, చేతులు బిందెను పట్టుకున్నట్టు ముందుకు గుండ్రంగా పెట్టాలి, మునివేళ్ళ మీద లేచి తిరగాలి. చెబితే ఇంతే. నేను చుట్టున్నరకు తూలిపోయేదాన్ని. పక్కన ఎనిమిదేళ్ళది రెండు చుట్లు తిరిగి ముక్కు గోక్కుంటూ నిలబడేది.

మూడోవారం ఆవిడ నన్నొక్కదాన్నీ మధ్యలో నిలబెట్టి నా లాటిన్ తిరుగుడు తిరగమంది. తిరిగాను. తూలి కుర్చీ పట్టుకున్నాను.

"తిరిగేటప్పుడు ఎటు చూస్తావు?"

"ఎటూ చూడను."

"అదే నేనూ అనుకున్నాను. నీ తల ఒంటితోపాటే తిరిగిపోతోంది. కళ్ళు ఎక్కడా ఆగవు. ఎవరో వచ్చి పట్టుకుంటారని తిరుగుతున్నావు."

"పట్టుకుంటాడు. మా అన్న."

"అన్నా?" అని కనుబొమలు ఎత్తింది. ఇక దాచి లాభం లేదని నాయన మాట, రుంబా, పై గుండీ, అన్నీ చెప్పాను. నవ్వుతుందనుకుని మనసులో జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆవిడ నవ్వకుండా కుర్చీలో కూర్చుంది.

"పదిహేడేళ్ళుగానా?" అంది.

గోడకు ఒక మేకు ఉంది, ఎప్పుడో పటం తగిలించి తీసేసినది. సరిగ్గా నా కంటి ఎత్తులో. దాన్ని చూడమంది. ఒళ్ళు తిరగడం మొదలుపెట్టినా చూపు మేకు మీదే ఉండాలి. ఇంక మెడ తిరగదన్నప్పుడు తలను ఒక్క విసురున తిప్పి, ఒంటికంటే ముందే మళ్ళీ మేకును పట్టుకోవాలి. "చూపు చివర వెళ్ళాలి, ముందు రావాలి," అని కర్రతో నేల మీద కొట్టి చెప్పింది. మొదటిరోజు హాలు వెనకాల పైపు దగ్గర వాంతి చేసుకున్నాను. ఇంట్లో క్యాలెండరు ముందు తిరిగాను. ఫ్యాక్టరీలో టీ విరామంలో ఇసక బకెట్టు ముందు తిరిగాను, తోటి కుట్టుపనివాళ్ళు నాకు దయ్యం పట్టిందన్నారు. వదిన మా ఇంటికొచ్చి చూసి, "కళ్ళు నెత్తికెక్కినాయి నీకు, ఈ వయసుకి బాలే!" అని వెళ్ళిపోయింది. ఆమె ఎందుకంత విసురుగా ఉందో నాకర్థం కాలేదు. వదినది తమిళ ఇల్లు, మామూలుగా నన్ను ఒక్క మాట అనేది కాదు.

అన్న ప్రాక్టీసుకు రావడం తగ్గించాడు. షిఫ్టు మారిందన్నాడు, భుజం నొప్పన్నాడు. వచ్చినప్పుడల్లా మా ఆటలో ఏదో ఒకటి మార్చేవాడు. ఇక్కడ చెయ్యి వద్దు, అక్కడ పట్టు వద్దు, నువ్వే తిరుగు, నువ్వే ఆగు. నా మీద నమ్మకం పోయింది, మళ్ళీ పడితే తన పరువు పోతుందని దూరంగా ఉంటున్నాడు, అనుకున్నాను. ఒకరోజు పట్టలేక అడిగేశాను.

"అన్నీ నేనొక్కదాన్నే సేసేదానికి నువ్వెందుకు మరి? కుర్సీతో ఆడతాను పో."

అన్న టేపు రికార్డరు దగ్గరకు వెళ్ళి, ఎడమచేత్తో పాట మళ్ళీ మొదటికి తిప్పాడు. ఆ కుర్చీ మాట ఇన్నేళ్ళయినా నన్ను గుచ్చుతూనే ఉంది. వెనక్కి తీసుకునే వీలుంటే నా రెండు మోకాళ్ళూ ఇచ్చేద్దును.

ఏడో నెలలో పిరుయెట్ వచ్చింది. రెండు చుట్లు, ఆ తర్వాత మూడు, కదలకుండా ఆగడం. పిల్లలు "ఆంటీ! ఆంటీ!" అని చప్పట్లు కొట్టారు. ఆవిడ దగ్గడం పూర్తిచేసి, ఇక మేకును వదిలెయ్యమంది.

"పోటీలో నీ మేకు మీ అన్న ముఖం."

"గుండీ చూస్తాను," అన్నాను.

"గుండీ ఛాతీతోపాటు వంగుతుంది, పక్కకు పోతుంది. నీకు కంటి ఎత్తులో ఉండేది కావాలి, ఎటు కదిలినా నీ వైపే తిరిగి ఉండేది కావాలి. అది మనిషి ముఖం ఒక్కటే. మీ నాన్నగారు ఏమన్నా సరే."

నాయన ఊసు ఎత్తిందని కోపంతోనే రెండు కాంబీలూ ఎక్కి ఇంటికొచ్చాను. నాయన పోయి అప్పటికి నాలుగేళ్ళు. అయినా ఆయన మా ఇద్దరి మధ్యా నిలబడే ఉన్నాడు. రెండువారాలు గుండీతోనే ప్రయత్నించాను. రెండుసార్లు తూలాను. పోటీ ఇంక నెలలోకి వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం, హాల్లో మేమిద్దరమే. కుర్చీలు గోడవారకు జరిపి ఉన్నాయి. అన్న తెల్లచొక్కాలో వచ్చాడు.

"ఇవ్వాళ నీ మొకం సూసి తిరుగుతాను. మిస్ సెప్పింది," అన్నాను.

"వద్దు," అన్నాడు, నా మాట పూర్తికాకుండానే. "నాయన ఏం సెప్పాడు?"

"నాయన లేడు. బాలేకి పంపింది నువ్వు. ఇంక సూడొద్దంటే ఎట్టా తిరగాల?"

అన్న వెళ్ళి పాట పెట్టాడు. చెయ్యి వదిలాడు. నేను తిరిగాను.

మొదటి చుట్టులో తన ముఖం దొరికింది. నన్ను చూస్తాడనుకోలేదు, నేను చూసేసరికి ఉలిక్కిపడ్డాడు. రెండో చుట్టులో తను కిందికి, తన కుడిచేతి వైపు చూస్తున్నాడు, లేవమని దాన్ని బతిమాలుతున్నట్టు. మూడో చుట్టులో నోరు ఒక పక్కకు వదులుగా జారి ఉంది, పెదవి చివర తడి ఉంది, కళ్ళల్లో భయం ఉంది. ఇంత పెద్ద మనిషి అంతలా భయపడటం నేనెన్నడూ చూడలేదు. ఆగాను. వీపు మీద ఏ చెయ్యీ పడలేదు. ఇటు అటు ఒక్క వేలెడు కదలకుండా, నాకు నేనే, నిటారుగా ఆగాను. ముందుగా నాకు వచ్చింది సంతోషం. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను. వచ్చేసింది, నాకు వచ్చేసింది అని ఒక్క క్షణం గంతేయబోయాను.

"నీ సెయ్యికేమయింది?" అన్నాను అప్పుడు.

అన్న కుడిచెయ్యి ఎడమచేత్తో ఎత్తి చూపించాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండాల్సిన కండ లేదు. అక్కడ గుంట పడి ఉంది. వేళ్ళు సగం ముడుచుకుని ఉన్నాయి.

"నీరసం. తగ్గుద్ది," అన్నాడు. ఆ మాట కూడా కొంచెం ముద్దగా వచ్చింది. ముద్దగా మాట్లాడటం ఎన్నాళ్ళుగా మొదలయిందో కారులో పక్కన కూర్చుని విన్న నాకే తెలియదు.

నేను సంచీ కూడా తీసుకోకుండా తిన్నగా వదిన దగ్గరకు వెళ్ళాను. ఆమె పెరట్లో బట్టలు ఆరేస్తోంది. నేను అడగకముందే నా ముఖం చూసి తెలుసుకుంది.

"నీకు తెల్దు? కడవుళే, దేవుడా! నిజంగా నీకు తెల్దు?" అంది. "రోజూ ఆయన ముందల ఆడతావు కదా మా. నీకు తెలుసు అనుకున్నా. తెలిసీ బాలే బాలే అని గెంతుతున్నావు అనుకున్నా. నీ మీద ఎంత కోపం తెలుసా నాకు?"

తీగ మీదున్న తెల్లచొక్కా లాగి నా చేతిలో పెట్టింది. తిప్పి చూశాను. గుండీలన్నీ పైపట్టీకే కుట్టేసి ఉన్నాయి. కాజాలు మూసేసి, కింద నొక్కితే అతుక్కునే బటన్లు కుట్టింది, ఎడమచేత్తో వేసుకోవడానికి వీలుగా. పై గుండీకి కూడా అంతే. రోజుకు వందల కాలర్లు నా చేతుల కిందనుంచి పోతాయి. కాజా ఒక దారం వదులైతే దూరంనుంచే పట్టేసేదాన్ని. వదిన అవి మార్చి తొమ్మిది నెలలయిందట. తొమ్మిది నెలలు ఆ గుండీనే చూస్తూ ఆడాను.

డాక్టరు ఆ జబ్బుకు పొడుగాటి పేరు చెప్పాడట. నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి, కండలు కరిగిపోతాయి, మందు లేదు. చెప్పింది ఎప్పుడని అడిగాను. నేను హాల్లో పడటానికి నెల ముందు. అంటే ఆ రోజు చెయ్యి ఎందుకు రాలేదో అన్నకు తెలుసు. తెలిసీ కారులో రోడ్డు వైపు చూస్తూ నీ టర్న్ బాలేదన్నాడు.

అన్న వచ్చేదాకా గుమ్మంలోనే కూర్చున్నాను. వచ్చాక అరిచాను. వీధంతా విన్నది. పిల్లల మధ్య నిలబెట్టావు, వాంతులు చేయించావు, ఏడు నెలలు నేను ఎందుకూ పనికిరానిదాన్నని నమ్మించావు, అన్నాను. అన్న అంతా విన్నాడు. ఈసారి నేను గుండీ చూడలేదు, ముఖమే చూశాను. తనూ నా పాపిట చూడలేదు.

"నిజం సెప్తే నువ్వు ఆపేద్దువు సెల్లీ. ఇంక నన్ను ఆ ఫ్లోర్ మీదికి రానిత్తువా? అందుకే, నా సెయ్యి లేకుండా నువ్వు తిరగడం నేర్సుకుంటే, ఇద్దరం పోవచ్చు అనుకున్నా," అన్నాడు.

ఆపేద్దును. అది నిజం. ఆ నిజం నాకు ఓదార్పేమీ కాలేదు. తన చెయ్యి పోతోందంటే ఆ చెయ్యే నేనవుదును, దానికి తప్పు నా మీద వెయ్యాల్సిన అవసరమేముందని అప్పుడూ అడిగాను, ఇప్పుడూ అడుగుతాను.

పోటీకి వెళ్ళాం. వదిన అన్న బూట్లను చీలమండ దగ్గర టేపుతో చుట్టింది. అంత పెద్ద నేల, అంత వెలుగు, అన్ని రంగుల జంటలు ఒకేసారి నిలబడటం మేమెప్పుడూ చూడలేదు. అన్న కుడిచేతిని నేనే నా వీపు మీద పెట్టుకుని మోచేత్తో నొక్కి పట్టాను. జైవ్‌లో తన కాలు ఈడ్చుకుపోయింది. సాంబాలో రెండుసార్లు లయ తప్పాం. రుంబా వచ్చేసరికి నాయన మాట దాటేశాం. మొదటినుంచి చివరిదాకా అన్న ముఖంలోకి చూస్తూ ఆడాను, మూడేసి చుట్లు తిరిగి ప్రతిసారీ తన ముఖం దగ్గరే ఆగాను. వేగిపోవడం, ప్రేమ, అవేవీ లేవు అక్కడ. జారిపోతాడేమోనని ఒక మనిషిని చూపుతో పట్టుకుని నిలబెట్టడమే. చూసేవాళ్ళకు అది రుంబాలాగే కనపడిందేమో, పై వరసల్లో ఎవరో ఈల వేశారు. రెండో రౌండుకు మా నంబరు పిలవలేదు. పిలవరని తెలుసు. అన్న నేల అంచున నిలబడి మిగతా జంటల్ని చివరిదాకా చూశాడు. ఇంటికొచ్చాక తన బూట్లు బిన్‌లో వేయబోతే వదిన లాక్కుని దాచింది.

ఆ వేసవిలో మాట పోయింది. తర్వాత కాళ్ళు. మంచంలోంచి చక్రాల కుర్చీలోకి వదినా నేనూ మార్చేవాళ్ళం. కదిలేవి కళ్ళొక్కటే. అవునంటే ఒకసారి మూస్తాడు, కాదంటే తెరిచే ఉంచుతాడు. అన్ని రంగులవాళ్ళూ కలిసి ఓటేసే మొదటి ఎన్నికలు దగ్గరకొచ్చాయి. మా జిల్లాలో రోజూ ఎక్కడో ఒకచోట చంపుకుంటున్నారు, ఓటుకు వెళ్ళొద్దని చుట్టాల్లో కొందరన్నారు. నేను అన్నను అడిగాను. ఒకసారి కళ్ళు మూశాడు. ఆ తర్వాత తను బతికింది ఆరు వారాలే.

ముసలివాళ్ళకూ జబ్బుపడ్డవాళ్ళకూ ముందుగా ఒక రోజు కేటాయించారు. మా పేట బడిలోకి కుర్చీ తోసుకుంటూ వెళ్ళాం. అన్నకు తెల్లచొక్కా వేశాను, పై గుండీ నేనే పెట్టాను. చెయ్యి పనిచేయదని, నోరు పనిచేయదని చెబితే అక్కడి అధికారి కాగితాలు చూసి, అన్నను కాసేపు చూసి, నన్ను తోడు వెళ్ళమన్నాడు. ఓటు వేసే అట్ట గదిలో దారంతో కట్టిన పెన్సిలు. పొడవాటి కాగితం, ఆఖరి నిమిషంలో పోటీకి ఒప్పుకున్న పార్టీ కోసం అడుగున అతికించిన పట్టీ. నేను కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను, నా కళ్ళు తన కళ్ళ ఎత్తుకు వచ్చేలా. కాగితం తన ఒళ్ళో పెట్టి, పెన్సిలు మొన పైనుంచి ఒక్కొక్క గడి దగ్గరా ఆపుతూ పోయాను. గడి చూడటం, వెంటనే ముఖం చూడటం. గడి, ముఖం. ఏడు నెలలు నేర్చుకున్నది ఒంట్లోనే ఉంది, చూపు ముఖాన్ని వదలడం ఆలస్యంగా వదిలింది, తిరిగి రావడం ముందే వచ్చింది. ఒకచోట అన్న కళ్ళు మూశాడు. అక్కడ గుర్తు పెట్టాను. రాష్ట్రానికి ఇచ్చిన రెండో కాగితమూ అలాగే. ఎక్కడ పెట్టామో వదినకు కూడా చెప్పలేదు.

బయటికొచ్చాక కుర్చీ తోయడానికి అలవాటుగా వెనక్కి వెళ్ళాను. వెనక నిలబడితే తన నెత్తి మాత్రమే కనపడింది. వదినను తొయ్యమన్నాను. నేను కుర్చీ ముందుకొచ్చి, అన్నకు ఎదురుగా నిలబడి, వెనక్కి అడుగులేస్తూ నడిచాను. వరసలో ఉన్నవాళ్ళు తలలు తిప్పి చూశారు, ఎవరో జాగ్రత్త, పడతావు అన్నారు. గేటుదాకా అలాగే నడిచాను.